మంచు దేశంలో తొలి శీతాకాలం: పగటి వెలుగు ఎప్పుడు, ఎంత, ఎలా తీసుకోవాలి

సెప్టెంబర్ దాటిందంటే చాలు, అమెరికా, కెనడా, ఇంగ్లండ్‌లకు కొత్తగా వచ్చిన మనవాళ్ళ దగ్గర ఒకే రకం మాట వినిపిస్తుంది. "ఎంత పడుకున్నా నిద్ర చాలట్లేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఒంట్లో సత్తువ ఉండట్లేదు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదు." రక్తపరీక్ష చేయిస్తే ఏమీ తేలదు. అలాంటప్పుడు ముందుగా చూసుకోవాల్సింది రోజులో ఎంతసేపు పగటి వెలుగులో ఉంటున్నామన్నది.

హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలుంటుంది. డిసెంబర్ మూడో వారంలో షికాగోలో అది 9 గంటలు, సియాటిల్‌లో 8 గంటల 25 నిమిషాలు, లండన్‌లో 8 గంటలకు కాస్త తక్కువ. ఎడిన్‌బరోలో 7 గంటలు కూడా నిండదు. పుట్టినప్పటి నుంచి 11 గంటల పగటికి తక్కువ చూడని మనిషికి ఇది పెద్ద మార్పు. డాలస్‌లో ఉన్నవాళ్ళకు 10 గంటల పగలు దొరుకుతుంది కాబట్టి కింద చెప్పినవాటిలో సగం చేసినా సరిపోతుంది.

ఈ మార్గదర్శి ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళ కోసం. కంటి జబ్బు ఉన్నవాళ్ళు, మానసిక సమస్యకు మందులు వాడుతున్నవాళ్ళు ముందుగా 5, 9 భాగాలు చదవండి.

1. రెండు విషయాలు తెలుసుకుంటే మిగతాది తేలిక

మొదటిది, ఏ సమయంలో వెలుగు పడిందన్నది. కంటి వెనక రెటీనాలో కొన్ని కణాలు ఉంటాయి. వాటి ముఖ్యమైన పని వెలుగు ఎంత ఉందో కొలిచి మెదడులోని గడియారానికి చెప్పడం. పొద్దున వెలుగు పడితే ఆ గడియారం "పగలు మొదలైంది" అని లెక్క వేసుకుంటుంది. నిద్రకు సంబంధించిన మెలటోనిన్ తగ్గుతుంది, రాత్రి మళ్ళీ సరైన వేళకు పెరుగుతుంది. చాలామందిలో ఈ లోపలి గడియారం 24 గంటలకన్నా కాస్త ఎక్కువ తీసుకుంటుంది. పొద్దుటి వెలుగు అందకపోతే రోజురోజుకూ వెనకబడుతుంది. ఆఫీసు టైమ్ మాత్రం మారదు కదా, అందుకే లేచాక కూడా మత్తుగా ఉంటుంది.

రెండోది, వెలుగు మోతాదు. దీన్ని లక్స్‌లో కొలుస్తారు. రాత్రిపూట ఇంట్లో దీపాల వెలుగు 100 నుంచి 200 లక్స్. ఆఫీసులో 300 నుంచి 500. మబ్బు పట్టిన రోజు కూడా పట్టపగలు బయట వేలల్లో ఉంటుంది. నేరుగా ఎండలో లక్ష లక్స్ వరకు వెళ్తుంది. గదిలో వెలుగు బాగానే ఉన్నట్టు మనకు అనిపించడానికి కారణం కన్ను సర్దుకుపోవడమే. అందుకే "మా ఇంట్లో వెలుతురు బాగుంటుంది" అన్న నమ్మకం మీద ఆధారపడకండి.

2. సెప్టెంబర్ చివరి వారంలో చేసుకోవాల్సిన ఏర్పాట్లు

దిగులు మొదలయ్యాక కోటు కొనడానికి కూడా ఓపిక ఉండదు. సెప్టెంబర్ చివర్లో ఈ ఊళ్ళలో పగలు రోజుకు మూడు, నాలుగు నిమిషాల చొప్పున తరిగిపోతుంది. ఏర్పాట్లన్నీ అప్పుడే చేసి పెట్టుకోండి.

- మీ ఊరి సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చూసి, నెలకు రెండు తేదీల చొప్పున రాసి ఫ్రిజ్ మీద అంటించండి.
- గడియారం మారే రోజు గుర్తు పెట్టుకోండి. అమెరికా, కెనడాల్లో చాలా చోట్ల నవంబర్ మొదటి ఆదివారం, బ్రిటన్‌లో అక్టోబర్ చివరి ఆదివారం గంట వెనక్కి పెడతారు. ఆ రోజు నుంచే సాయంత్రం ఒక్కసారిగా గంట ముందే చీకటి పడుతుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా కుంగిపోయేది ఆ వారంలోనే.
- బట్టలు పొరలుగా వేసుకునేలా కొనండి: ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఊలు లేదా ఫ్లీస్, పైన గాలి, వాన ఆపే కోటు. చేతి గ్లౌజులు, చెవులు కప్పే టోపీ, మంచు మీద జారని బూట్లు. చలికి భయపడి ఇంట్లో కూర్చుంటే వెలుగూ పోతుంది, అందుకే బట్టల ఖర్చు దగ్గర వెనకాడవద్దు.
- ఇంట్లో తూర్పు, దక్షిణం వైపు కిటికీలు ఏవో చూసుకోండి. శీతాకాలంలో ఆ దేశాల్లో సూర్యుడు ఆగ్నేయంలో పొడిచి, దక్షిణాన కిందుగా సాగి, నైరుతిలో అస్తమిస్తాడు. ఉత్తరం కిటికీకి నేరుగా ఎండ రాదు.
- అద్దె ఇల్లు వెతుకుతుంటే వాస్తుతో పాటు హాలుకు దక్షిణం వెలుగు ఉందా అని కూడా చూడండి. బేస్‌మెంట్ గదులు చవగ్గా దొరుకుతాయి, కానీ అక్కడే పడుకుని అక్కడే చదువుకునే విద్యార్థికి నవంబర్ తర్వాత పగలన్నదే తెలియదు. తప్పనిసరైతే పగలు లైబ్రరీ కిటికీ పక్కన చదువుకోండి.

3. పొద్దుటి వెలుగు: రోజులో ముఖ్యమైన పని

మిగతావి ఏవి వదిలేసినా ఇది వదలకండి.

ముందు, లేచే వేళ ఒకటి పెట్టుకోండి. శని, ఆదివారాలు కూడా అదే వేళ, మహా అయితే అరగంట తేడా. వారాంతంలో పది దాకా పడుకుంటే సోమవారం నరకంలా ఉండటానికి కారణం అదే.

లేచిన గంటలోపు, సూర్యుడు పొడిచి ఉంటే, బయటికి వెళ్ళండి. ఆకాశం తేటగా ఉంటే 20 నిమిషాలు, మబ్బుగా ఉంటే 30 నుంచి 45 నిమిషాలు. సూర్యోదయం అయిన వెంటనే కన్నా అరగంట ఆగితే వెలుగు బాగా పెరుగుతుంది. నడవండి, లేదా కాఫీ కప్పుతో బాల్కనీలో నిలబడండి. సూర్యుడి వైపు చూడకూడదు, చూడాల్సిన అవసరమూ లేదు. ముఖం ఆకాశానికి ఎదురుగా ఉంటే చాలు. ఫోన్ జేబులో పెట్టండి, లేకపోతే తల కిందికే ఉంటుంది. టోపీ అంచు కళ్ళ మీదకు రానివ్వద్దు.

వెలుగు తక్కువగా ఉన్నా నల్లటి అద్దాలు పెట్టుకుని తిరగడం పెద్ద పొరపాటు. వెలుగుకు నల్లబడే కళ్ళజోడు వాడేవాళ్ళు మామూలు అద్దాల జోడు ఒకటి పొద్దుటి నడకకు ఉంచుకోండి. కొత్తగా పడిన మంచు మీద ఎండ కాస్తుంటే మాత్రం చలవ అద్దాలు తప్పనిసరి. తాజా మంచు తన మీద పడ్డ వెలుగులో 80 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది, కళ్ళు దెబ్బతింటాయి.

అసలు చిక్కు వేరే ఉంది. డిసెంబర్‌లో సియాటిల్‌లో సూర్యోదయం 7.55 ప్రాంతంలో, లండన్‌లో 8 దాటాక. ఐదున్నరకే లేచి సూర్య నమస్కారాలు చేసే అలవాటున్నవాళ్ళకు ఎదురుగా చీకటే ఉంటుంది. అప్పుడు పని రెండు ముక్కలు చేయండి: వ్యాయామం మామూలు వేళకే ఇంట్లో, బయటి వెలుగు 9 తర్వాత. పిల్లల్ని స్కూలు బస్ ఎక్కించి అటునుంచి అటే నడవండి. రైలు లేదా బస్ స్టాప్ ఒకటి ముందే దిగండి. ఇంకో సంగతి, డిసెంబర్ 21 తర్వాత పగలు పెరుగుతుంది గానీ సూర్యోదయం జనవరి మొదటి వారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. కాబట్టి జనవరిలో పొద్దుట లేవడం కష్టమైతే మీలో లోపమేదో ఉందని అనుకోవద్దు.

4. మధ్యాహ్నం రెండో విడత

12, 1 మధ్య బయట వెలుగు ఎక్కువ. లంచ్ బాక్స్ 20 నిమిషాల్లో ముగించి, మిగిలిన సమయం బయట తిరగండి. క్యాలెండర్‌లో ఆ అరగంటను మీటింగ్‌లా బ్లాక్ చేసి పెట్టుకుంటే ఎవరూ మీ సమయం తీసుకోరు. ఫోన్‌లో మాట్లాడే మీటింగులను నడుస్తూ చేయవచ్చు.

ఇంటి నుంచి పని చేసేవాళ్ళు డెస్క్‌ను కిటికీకి ఒక మీటరు దూరంలోపు, కిటికీ పక్కగా ఉండేలా జరపండి. గది లోపలికి వెళ్ళేకొద్దీ వెలుగు చాలా వేగంగా పడిపోతుంది. గాజు పగటి వెలుగును చాలావరకు లోపలికి రానిస్తుంది, కాబట్టి కిటికీ పక్కన కూర్చోవడం మనసుకు, మెలకువకు ఉపయోగమే. విటమిన్ డి మాత్రం అలా రాదు, దానికి కావలసిన కిరణాలను గాజు ఆపేస్తుంది.

విటమిన్ డి లెక్క వేరుగా చూసుకోండి. శీతాకాలంలో ఉత్తర దేశాల ఎండ ఆ పనికి చాలదు. బ్రిటన్‌లో చలికాలం రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు, తీసుకునే ఆలోచన చేయమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ అందరికీ చెబుతుంది. మనలాంటి ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళయితే ఏడాది పొడవునా ఆ ఆలోచన చేయమంటుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న 60,000 యూనిట్ల బిళ్ళలు డాక్టర్ చెప్పకుండా వేసుకోవద్దు.

5. లైట్ బాక్స్: కొనేముందు, వాడేటప్పుడు

లైట్ బాక్స్ అంటే పగటి వెలుగుకు బదులుగా ముఖం మీద తీవ్రమైన తెల్లటి వెలుగు పడేలా చేసే దీపం. పొద్దున్నే చీకట్లో పనికి వెళ్ళేవాళ్ళకు, సియాటిల్, లండన్ లాంటి ముసురు ఊళ్ళలో ఉండేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. ఎండ బాగా కాసే డెన్వర్ లాంటి చోట బయటి నడకే చాలు, డబ్బు దండగ చేసుకోవద్దు.

కొనేముందు చూసుకోవాల్సినవి:

- 10,000 లక్స్ అని మాత్రమే కాదు, ఎంత దూరంలో 10,000 లక్స్ ఇస్తుందో పెట్టె మీద ఉండాలి. చిన్న దీపాలు కొన్ని అరచేయి దూరంలోనే ఆ లెక్క ఇస్తాయి. 40 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఇచ్చేది కొనండి.
- అల్ట్రావయొలెట్ కిరణాలను వడపోసేదై ఉండాలి. చర్మం రంగు మార్చే దీపాలు, విటమిన్ డి దీపాలు ఈ పనికి వద్దు.
- తెల్లటి వెలుగు, వెడల్పాటి పలక. ప్రత్యేకంగా నీలం రంగు అవసరం లేదు.

వాడే వరుస:

1. లేచిన గంటలోపు వాడండి. ఉదయం 6 నుంచి 8 మధ్య అయితే చాలామందికి కుదురుతుంది.
2. దీపాన్ని కళ్ళకన్నా కాస్త ఎత్తులో, కొంచెం పక్కకు పెట్టండి.
3. కళ్ళు తెరిచి టిఫిన్ తినండి, పేపర్ చదవండి. దీపంలోకి తేరిపార చూడవద్దు.
4. మొదటి మూడు రోజులు 10, 15 నిమిషాలు, తర్వాత 30 నిమిషాలు.
5. దూరం పెరిగితే మోతాదు బాగా పడిపోతుంది. 2,500 లక్స్ మాత్రమే అందుతుంటే దాదాపు రెండు గంటలు కూర్చోవాల్సి వస్తుంది.
6. రోజూ వాడండి. మార్పు ఒకటి, రెండు వారాల్లో తెలుస్తుంది.

తలనొప్పి, కళ్ళ మంట, వికారం వస్తే సమయం తగ్గించండి లేదా కాస్త దూరం జరగండి. ఉన్నట్టుండి నిద్ర అక్కర్లేనంత హుషారు, ఆగని మాటలు, దుబారా ఖర్చు కనిపిస్తే వెంటనే ఆపి డాక్టర్‌ను కలవండి. బైపోలార్ సమస్య (అతి హుషారు, దిగులు మారి మారి వచ్చే మానసిక జబ్బు) ఉన్నవాళ్ళలో ఈ వెలుగు మేనియాను, అంటే ఆ అతి హుషారును, రేపగలదు.

డాక్టర్‌ను అడగకుండా లైట్ బాక్స్ వాడకూడనివాళ్ళు: బైపోలార్ ఉన్నవాళ్ళు, గ్లకోమా లేదా రెటీనా జబ్బు ఉన్నవాళ్ళు, షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నవాళ్ళు, లూపస్ ఉన్నవాళ్ళు, డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్ వంటి వెలుగుకు స్పందన పెంచే మందులు వాడేవాళ్ళు. మనవాళ్ళలో షుగర్ ఎక్కువ కాబట్టి, అది ఉన్నవాళ్ళు ముందు కంటి పరీక్ష చేయించుకోవాలి. ఇందులో మొహమాటం వద్దు.

6. రాత్రిపూట వెలుగు తగ్గించడం

పొద్దున తెచ్చుకున్న లాభాన్ని రాత్రి పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ. పడుకునే రెండు గంటల ముందు పైన వెలిగే పెద్ద దీపాలు ఆర్పి, పసుపు వెలుగున్న టేబుల్ ల్యాంప్ ఒకటి ఉంచండి. ఫోన్ వెలుగు బాగా తగ్గించండి.

ఇండియా టీమ్‌తో కాల్స్ ఉన్నవాళ్ళకు ఇదే పెద్ద బాధ. శీతాకాలంలో న్యూజెర్సీకి, హైదరాబాద్‌కు తేడా పదిన్నర గంటలు. ఇక్కడ రాత్రి 9 అంటే అక్కడ ఉదయం 7.30. అదే కాల్ ఇక్కడ ఉదయం 8కి పెడితే అక్కడ సాయంత్రం 6.30. మేనేజర్‌ను అడగండి, వారంలో సగం కాల్స్ ఉదయానికి మారినా తేడా తెలుస్తుంది. మారకపోతే, గదిలో దీపం తగ్గించి, అవసరం లేనప్పుడు వీడియో ఆపి మాట్లాడండి.

ముసురు పట్టిన సాయంత్రం టీ మీద టీ తాగాలనిపిస్తుంది. మధ్యాహ్నం రెండు తర్వాత టీ, కాఫీ మానేయండి. అన్నం, మిఠాయి, బ్రెడ్ మీదకు మనసు పోవడం కూడా ఈ కాలపు లక్షణమే. ఆ ఆకలిని తిట్టుకోకుండా, పెసరట్టు, గుడ్డు, శనగలు వంటివి సాయంత్రానికి ముందే సిద్ధంగా ఉంచుకుంటే సగం అదుపులోకి వస్తుంది.

7. అందరి రోజూ ఒకలా ఉండదు

రాత్రి షిఫ్టు చేసే విద్యార్థులు. పొద్దున ఏడుకు పని దిగి పడుకోబోతుంటే ఆ సమయంలో వెలుగు వద్దు. బస్సులోనో, నడిచో వెళ్తుంటే చలవ అద్దాలు పెట్టుకోండి. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు కారు నడుపుతూ మాత్రం పెట్టుకోవద్దు. గదికి మందపాటి కర్టెన్లు వేయండి. మధ్యాహ్నం ఒంటిగంటకు లేచి వెంటనే బయటికి వెళ్ళండి. నాలుగున్నరకే చీకటి పడే ఊళ్ళో వంట, స్నానం తర్వాత పెట్టుకోవచ్చు, వెలుగు మాత్రం ఆగదు.

ఇంట్లో ఉండే భార్య లేదా భర్త. డిపెండెంట్ వీసా మీద ఉండి, కారు నడపడం ఇంకా రాక, పగలంతా అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా గడిపేవాళ్ళకు ఈ కాలం అందరికన్నా బరువు. వెలుగుతో పాటు మనిషి తోడు కూడా కావాలి. పక్క బ్లాకులో ఉన్న మరొకరితో పదకొండింటికి నడక కుదుర్చుకోండి. ఒక్కరే అయితే మానేయడం తేలిక, ఇంకొకరు కింద ఎదురుచూస్తుంటే బయల్దేరుతారు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. మాల్‌లో నడిస్తే కాళ్ళకు వ్యాయామం అవుతుంది గానీ వెలుగు అందదు. మంచు గడ్డకట్టిన రోజు జారిపడే భయం ఉంది కాబట్టి బయటికి తీసుకెళ్ళకండి, దక్షిణం కిటికీ దగ్గర కుర్చీ వేయండి. మిగతా రోజుల్లో మధ్యాహ్నం మీరు తోడుండి నడిపించండి.

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేవాళ్ళు. ఎండలో రెండు, మూడు వారాలు ఉండి జనవరి చివర్లో తిరిగొస్తే దిగులు రెట్టింపు అనిపిస్తుంది. కొంత జెట్ లాగ్, కొంత ఇల్లు వదిలి వచ్చిన బాధ, కొంత వెలుగు లేమి. శరీరం రోజుకు గంట చొప్పున సర్దుకుంటుందని లెక్క వేసుకుని, మొదటి పది రోజులు తనను తాను తప్పుపట్టుకోకుండా ఉండాలి. రాత్రి మూడింటికి మెలకువ వస్తే పెద్ద దీపాలు వేయకండి. పగలు ఎంత వీలైతే అంత బయట గడపండి.

8. తరచుగా జరిగే తప్పులు, దిద్దుకునే దారి

- *"మబ్బుగా ఉంది, బయటికెళ్ళి ఏం లాభం?"* మబ్బు రోజున పట్టపగలు బయటి వెలుగు ఆఫీసు దీపాలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. సమయం పెంచి వెళ్ళండి.
- *సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక లైట్ బాక్స్.* నిద్ర వెనక్కి పోతుంది. ఉదయానికి మార్చండి.
- *నాలుగు రోజులు చేసి ఆపేయడం.* కనీసం రెండు వారాలు చూడండి. లేచిన వేళ, బయట గడిపిన నిమిషాలు, ఆ రోజు ఓపికకు పదికి ఎన్ని మార్కులు అని చిన్న పుస్తకంలో రాస్తే మార్పు కనిపిస్తుంది.
- *తెల్లవారుజామున నాలుగింటికి లేచి తీవ్రమైన వెలుగు పెట్టుకోవడం.* రోజూ ఎనిమిదింటికి లేచేవాళ్ళకు ఇది గడియారాన్ని ముందుకు జరపాల్సింది పోయి వెనక్కి నెట్టవచ్చు. లేచే వేళను అరగంట చొప్పున ముందుకు తెచ్చుకుంటూ వెలుగును దాని వెంట జరపండి.
- *విపరీతమైన చలిలో కూడా పట్టుదలగా వెళ్ళడం.* విండ్ చిల్ (గాలితో కలిపి ఒంటికి తగిలే చలి లెక్క) మైనస్ 28 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పోతే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ రోజు కిటికీ, లైట్ బాక్స్ చాలు.

9. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి

కాస్త బద్ధకం, ఎక్కువ నిద్ర చాలామందికి ఉంటాయి. కానీ రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులు, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి లేకపోవడం, ఉద్యోగం లేదా చదువు సాగకపోవడం ఉంటే అది వైద్యం కావలసిన స్థితి. ప్రతి ఏడూ ఇదే కాలంలో వచ్చి వసంతంలో పోయే డిప్రెషన్‌ను సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అంటారు. దానికి లైట్ థెరపీతో పాటు కౌన్సెలింగ్, మందులు కూడా ఉన్నాయి. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే నీరసం తెస్తాయి కాబట్టి ఆ పరీక్షలు అడిగి చేయించుకోండి.

"నలుగురూ ఏమనుకుంటారో" అని ఆగవద్దు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి, వెంటనే ఫోన్ చేయండి. అమెరికా, కెనడాల్లో 988. బ్రిటన్‌లో 111, ప్రాణాపాయం ఉంటే 999. ఇండియాలో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఇక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. స్నేహితుడు ఫోన్ ఎత్తడం మానేసి, గదిలోంచి బయటికి రావడం మానేస్తే మెసేజ్‌తో సరిపెట్టకుండా తలుపు తట్టండి.

10. మార్చి నుంచి మెల్లగా మార్చుకోవడం

లైట్ బాక్స్‌ను ఎండ కనబడగానే ఆపేయకండి. మార్చి చివర్లో లేచే వేళకు బయట బాగా వెలుగు ఉంటే, వారానికి ఐదు నిమిషాల చొప్పున తగ్గించండి. దిగులు తిరిగొస్తే మళ్ళీ పాత మోతాదుకు వెళ్ళండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం గంట ముందుకు జరుగుతుంది. ఉదయాలు మళ్ళీ కొన్ని వారాలు చీకటవుతాయి, ఆ వారాలు దాటేదాకా దీపాన్ని అటక మీద పెట్టవద్దు.

జూన్‌లో తలకిందులుగా ఇంకో చిక్కు వస్తుంది. లండన్‌లో రాత్రి 9.20 దాకా పొద్దు ఉంటుంది, తెల్లవారుజామున ఐదు లోపే తెల్లారిపోతుంది. పిల్లలు పడుకోరు, పెద్దలకు నిద్ర తగ్గుతుంది. మే నెలాఖరుకల్లా పడకగదికి వెలుగు రాని కర్టెన్లు బిగించి, పిల్లల్ని ఎనిమిదింటికే లోపలికి తెచ్చి, పొద్దున లేవగానే వాటిని పూర్తిగా తెరవండి.